ఎండ వీపున ఉన్న జట్టే ఎందుకు ఓడింది? ఒక మంచుకొండ అరీనా కేస్ స్టడీ

ఆట పేరు, స్టూడియో పేరు, పని ఇచ్చిన కంపెనీ పేరు చెప్పడం లేదు. ఒప్పందం ఒప్పుకోదు. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను కూడా. అయినా ఈ కేసులో పనికొచ్చేది పేర్లలో లేదు. కళ్ళెదుట ఉన్న కారణాన్ని వదిలేసి దాదాపు రెండు నెలలు చుట్టుపక్కలంతా ఎలా తవ్వామన్నదే చెప్పాలనుకున్నాను. లెవెల్ డిజైన్‌లోకి, అంటే ఆట జరిగే మ్యాపులు గీసే పనిలోకి, కొత్తగా వస్తున్న పిల్లలు అడుగుతూ ఉంటారు, "అన్నా, మ్యాప్ ఒకవైపు మొగ్గుతోందని ఎలా తెలుస్తుంది?" అని. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఓ మధ్యరకం స్టూడియో. ఫాంటసీ ఆట, నలుగురికి నలుగురు పోటీ. కత్తివీరుడు, విలుకాడు, మంత్రగాడు, వైద్యుడు, ఇలా ఒక్కో పాత్రకు ఒక్కో తీరు. కెమెరా ఆటగాడి కుడి భుజం వెనక, కాస్త పైన ఉంటుంది. ఇంజిన్, అంటే ఆటను కట్టి నడిపించే సాఫ్ట్‌వేర్, అన్‌రియల్. పీసీలోనూ, మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడవాలి. అప్పటికి అడవి అరీనా, ఎడారి అరీనా అయిపోయాయి. మూడోది మంచుకొండ.

కథ ప్రకారం అది రెండు రాజ్యాల మధ్య కనుమ. నడుమ పాడుబడ్డ గుడి, గుడిలో పెద్ద గంట. ఎవరు ముందుగా ఐదుసార్లు గంట మోగిస్తే వాళ్ళు గెలిచినట్టు. పొడవు 90 మీటర్లు, వెడల్పు 60. పాత్ర సెకనుకు 6 మీటర్లు పరుగెడుతుంది కాబట్టి, మొదలయ్యే చోటు నుంచి గంట దాకా ఏడెనిమిది సెకన్లు. ఈ లెక్క మొదటి రెండు అరీనాల్లో బాగా కుదిరింది, అందుకే దాన్ని కదపలేదు.

ఇక్కడ ఒక తెలుగు తిప్పలు చెప్పాలి. మా మీటింగులు సగం తెలుగులోనే నడుస్తాయి. "మంచు అరీనా" అనుకుని అందరం లేచాం. వారం తర్వాత చూస్తే కాన్సెప్ట్ ఆర్టిస్టు లోయంతా పొగమంచుతో నింపి బొమ్మ గీశాడు. ఎఫెక్ట్స్ చేసే అమ్మాయి నీలం రంగు మంచుగడ్డల మీద మెరుపులు పెట్టింది. నేను మోకాళ్ళ లోతు మెత్తటి హిమం ఊహించుకుని దారులు వేసుకున్నాను. తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేది, కొబ్బరినీళ్ళ బండివాడి డబ్బాలో ఉండేది, హిమాలయాల మీద పడేది, అన్నీ మనకు మంచే. ఆ రోజే నాలుగు మాటలు ఖాయం చేసుకున్నాం: పొడి, గట్టి, గడ్డ, పొగ. పొడి అంటే కొత్తగా పడిన మెత్తటి మంచు, గట్టి అంటే తొక్కితొక్కి బిగిసినది, గడ్డ అంటే ఐసు, పొగ అంటే గాల్లో తేలేది. తర్వాత ఆ నాలుగే నాలుగు రకాల మెటీరియల్స్ (తెర మీద నేల పైపొర కనిపించే తీరు), నాలుగు రకాల అడుగుల చప్పుళ్ళు అయ్యాయి.

మా పన్నెండు మందిలో నిజమైన మంచు చూసినవాళ్ళు ఇద్దరే. ఒకాయన హనీమూన్‌కి సోలాంగ్ వెళ్ళొచ్చాడు, ఇంకొకరు గుల్మార్గ్. పరిశోధన అని పేరుపెట్టి మిగతావాళ్ళం డిసెంబర్‌లో లంబసింగి పోయాం. దొరికింది పొగ, గడ్డి మీద పలచటి తెల్లపొర, వేడివేడి టీ. పని ఇచ్చినవాళ్ళేమో ఏడాదిలో నాలుగు నెలలు మంచులో బతికే మనుషులు. మొదటి బిల్డ్ (ఆడి చూడగలిగే కూర్పు) చూసి వాళ్ళు రాసిన మొదటి వ్యాఖ్య: "ఇది మంచులా లేదు, ఉప్పులా ఉంది." అప్పుడు మనసు చివుక్కుమంది గానీ, చివరికి దారి చూపింది ఆ మాటే.

వచ్చిన ఫిర్యాదు

ఆర్ట్ అంతా పెట్టాక జరిగిన ప్లేటెస్టుల్లో, అంటే ఆటగాళ్ళతో ఆడించి చూసే పరీక్షల్లో, రెండు రకాల మాటలు వినిపించాయి. మొదటిది నేరుగా, "దక్షిణం వైపు పడితే ఓడిపోయినట్టే." రెండోది గజిబిజిగా, "ఎక్కడి నుంచి కొట్టారో తెలియలేదు", "అంచు కనపడక పడిపోయాను", "కళ్ళు లాగుతున్నాయి".

నేను మొదటిదాన్ని అసలు సమస్యగా, రెండోదాన్ని మామూలు సణుగుడుగా తీసుకున్నాను. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. ఆటగాళ్ళు గెలుపోటముల గురించి చెప్పినప్పుడు అందరం చెవులు రిక్కిస్తాం. కళ్ళ గురించి చెబితే "సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ తగ్గించుకో" అంటాం. రెండూ ఒకే జబ్బు లక్షణాలని అప్పుడు తోచలేదు.

మొదటి అనుమానాలు

అరీనా సగం గీసి, దాన్నే 180 డిగ్రీలు తిప్పి రెండో సగం చేశాం. కాబట్టి ఉత్తరం జట్టుకు కుడిచేతి వైపు ఏ బండ ఉందో, దక్షిణం జట్టుకూ కుడిచేతి వైపు అదే బండ ఉంటుంది. కాగితం మీద రవ్వంత తేడా లేదు. అయినా దూరాలు మళ్ళీ కొలిచాం. ఎవరో ఏదో రాయిని పొరపాటున జరిపారేమోనని ఒక్కొక్కటీ చూశాం. మొదలయ్యే చోట్లలో ఒకటి గజం ముందుకు ఉంది, సరిచేశాం. ఫలితం మారలేదు.

తర్వాత ఆటగాళ్ళనే అనుమానించాం. గట్టివాళ్ళు ఉత్తరం వైపే పడుతున్నారేమో. అవే జట్లను సగం ఆటలయ్యాక అటువాళ్ళను ఇటు, ఇటువాళ్ళను అటు మార్చి ఆడించాం. ఓటమి మనుషుల వెంట పోలేదు, దిక్కుతోనే ఉండిపోయింది. పది ఆటలు ఆడితే ఆరేడు ఉత్తరానివే.

అప్పుడు మా క్యూఏలో, అంటే ఆటలో తప్పులు వెతికే జట్టులో, ఒక కుర్రాడు చాలా మామూలుగా అడిగాడు: "గ్రేబాక్స్‌లో ఇలా లేదు కదన్నా?" గ్రేబాక్స్ అంటే ఆర్ట్ ఏమీ లేకుండా బూడిదరంగు పెట్టెలతో కట్టిన ముతక మ్యాప్. పాత రికార్డులు తీసి చూస్తే నిజమే, అందులో రెండు వైపులా గెలుపులు కలగలిసి ఉన్నాయి. పాత బిల్డ్ లేపి మళ్ళీ ఆడించాం. మొగ్గు లేదు. అంటే బండలు, దారులు, దూరాలు వీటిలో తప్పు లేదు. తప్పు ఆర్ట్‌తో పాటు వచ్చింది. ఈ ఒక్క పరీక్ష మొదటి వారంలోనే చేసి ఉంటే నెల రోజులు మిగిలేవి. ఇప్పుడు నేను ఏ మ్యాప్ చేసినా గ్రేబాక్స్ బిల్డును విడిగా దాస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆడించేలా.

చేసినవి, చెడినవి

ఆర్ట్‌లో తప్పు అని తెలిశాక అందరికీ ఒకే ఆలోచన వచ్చింది: తెల్లటి నేల మీద శత్రువు కనపడటం లేదు. ఆ మాట సగం నిజం. సగం నిజం మీద కట్టిన మందులన్నీ వికటించాయి.

శత్రువుల చుట్టూ ఎర్రటి గీత పెట్టాం. కనపడటం మొదలైంది, మరీ ఎక్కువగా. మాటువేసి దాడిచేసే పాత్రకు బతుకే లేకుండా పోయింది. విలుకాళ్ళు 60 మీటర్ల నుంచి గీత చూసి బాణాలు వేశారు. ఆర్ట్ డైరెక్టర్ ఏమీ అనకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులకు తీసేశాం.

తర్వాత మంచు రంగు తగ్గించాం. అన్‌రియల్ వాళ్ళ పట్టికలోనే కొత్త మంచు కాంతిని తిప్పికొట్టే పాలు 0.81 అని ఉంటుంది, బొగ్గుది 0.02. మేం 0.81 నుంచి 0.6 దాకా దించాం. తెర మీద చూస్తే పెద్దగా తేడా లేదు! గంటసేపు షేడర్‌ను (రంగూ వెలుగూ లెక్కగట్టే కోడ్‌ను) తిట్టాక వెలిగింది: ఆటో ఎక్స్‌పోజర్, అంటే దృశ్యాన్ని బట్టి తెర వెలుగును దానంతటదే సర్దే ఏర్పాటు, ఆన్‌లో ఉంది. నేల నల్లబడితే అది కన్ను పెద్దది చేసి మళ్ళీ తెల్లగా చూపిస్తోంది. ఫొటోలు తీసేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిదరంగుకు లాగాలని చూస్తుంది, అందుకే మంచులో తీసిన ఫొటో మసకబారుతుంది, వెలుగును ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు రెట్టింపు) పెంచుకోవాలి. మా ఆటలో అదే పని ప్రతి క్షణం జరుగుతోంది. పైగా గుడి కింద సొరంగం ఒకటి పెట్టాను. చీకట్లోంచి బయటికొచ్చిన ఆటగాడికి ఓ సెకనుపాటు తెరంతా తెల్లటి సున్నం. ఎక్కడ ఎందరు చచ్చారో రంగుల్లో చూపే హీట్‌మ్యాప్‌లో ఆ గుమ్మం దగ్గర చావులు కుప్పపోసినట్టు ఉన్నాయి. అది మంచి చోక్ పాయింట్ (అందరూ ఇరుక్కుని పోరాడే ఇరుకు చోటు) అని నేను గర్వపడుతూ ఉన్నాను కూడా. నిజానికి అక్కడ జనం చచ్చింది చూపు రాక.

ఎక్స్‌పోజర్‌ను ఒక చిన్న పరిధిలో బిగించాం. సొరంగం గుమ్మం దగ్గర చావులు తగ్గాయి. ఈసారి 0.6 మంచు నిజంగానే 0.6లా కనిపించి, థర్మల్ స్టేషన్ పక్కన బూడిద చెరువులా తయారైంది. వెనక్కి పెంచాం.

సూర్యుణ్ణి నడినెత్తికి తెచ్చి కూడా చూశాం. అది ఇంకో తప్పు. నీడలు కాళ్ళ కిందకు పోయాయి, దానితో పాటు నేల ఎత్తుపల్లాలూ పోయాయి. గట్టు ఎక్కడ ముగుస్తుందో, లోయ ఎక్కడ మొదలవుతుందో తెలియక పడిపోయేవాళ్ళు రెట్టింపయ్యారు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. మబ్బు పట్టి నీడలు లేని రోజున వాలు ఆకారం కళ్ళకు ఆనదు. అందుకే పోటీల్లో మంచు మీద నీలం రంగు గీతలు చల్లుతారు. అంతకుముందు పైన్ కొమ్మల ముక్కలు చల్లడం కూడా ఉండేది. ఈ సంగతి అప్పుడు చదివి పక్కన పెట్టాను, తర్వాత వాడుకున్నాను.

నీడ

దారి దొరికింది ఒక శనివారం. రెండు వైపుల ఆటగాళ్ళ తెరల రికార్డింగులు పక్కపక్కన పెట్టుకుని, ఒకే క్షణంలో ఆపి, వాళ్ళకు ఏం కనపడుతోందో చూస్తూ కూర్చున్నాను. దాదాపు నలభై చోట్ల ఆపాను.

మా బొమ్మలో సాయంకాలం. శిఖరాల మీద బంగారు వెలుగు కావాలని ఆర్ట్ డైరెక్టర్ కోరిక. సూర్యుడు దక్షిణాన, దిగంతానికి 15 డిగ్రీల ఎత్తులో. అంటే దక్షిణం జట్టుకు ఎండ వీపున, ఉత్తరం జట్టుకు ఎండ కళ్ళలో. మాలో ఎవరైనా దిక్కుల గురించి ఆలోచించి ఉంటే, ఇబ్బంది పడేది ఉత్తరం జట్టే అని పందెం కాసేవాళ్ళం. కళ్ళలో ఎండ పడితే కష్టమని క్రికెట్ ఆడిన ఎవడైనా చెబుతాడు. ఓడుతున్నది మాత్రం దక్షిణం. అందుకే ఎండ మీదికి ఎవరి అనుమానమూ పోలేదు.

ఆపిన తెరలు వేరే కథ చెప్పాయి. ఉత్తరం వాడికి ఎదురొచ్చే శత్రువు వెలుగుకు అడ్డంగా నిలబడిన నల్లటి ఆకారం. తెల్లటి నేల మీద నల్లటి బొమ్మ. అంతకంటే ఘోరం ఏమిటంటే ఆ శత్రువు నీడ అతనికంటే ముందే వస్తోంది. 15 డిగ్రీల ఎండలో 1.8 మీటర్ల మనిషి నీడ 6.7 మీటర్లు సాగుతుంది. బండ వెనక దాక్కున్నవాడి నీడ బండ పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చి "నేనిక్కడున్నాను" అని చెబుతోంది. దక్షిణం వాడికేమో అన్నీ తిరగబడ్డాయి. ఎండ తన వెనకనుంచి పడుతోంది కాబట్టి ఎదుటివాడి మీద ముందు వైపంతా సమానంగా వెలుగు, నీడలన్నీ ఆ శరీరాల వెనక్కి పోయి దాక్కున్నాయి. లేతరంగు బట్టల మంత్రగాడు వెనకున్న మంచులో కరిగిపోయాడు.

అప్పుడు ఉప్పు గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారి ఊరు చినగంజాం దగ్గర. చిన్నప్పుడు ఉప్పు కొటార్ల గట్ల మీద సాయంత్రం తిరిగేవాళ్ళం. సూర్యుడి వైపు నడుస్తుంటే ఒక్కో ఉప్పుకుప్ప నల్లగా, విడివిడిగా, గోపురంలా కనపడేది. ఇంటికి తిరిగొస్తుంటే, అంటే ఎండ వీపు మీద ఉండగా, ముందు కుప్ప వెనక కుప్పలో కలిసిపోయి అంతా ఒకే తెల్లగోడ. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతం తిప్పి కొడుతుంది. ఉప్పూ తెల్లగానే కొడుతుంది. పని ఇచ్చినవాళ్ళు ఉప్పులా ఉందన్నప్పుడు నొచ్చుకోకుండా ఆలోచించి ఉండాల్సింది.

నిర్ధారించుకోవడం తేలిక. ఆర్ట్ ఏమీ ముట్టుకోకుండా సూర్యుణ్ణి ఉత్తరానికి తిప్పి ఒక పూటంతా ఆడించాం. ఓటమి ఉత్తరానికి మారింది.

చక్రమా, అద్దమా

మందు కూడా తేలికే అనిపిస్తుంది: సూర్యుణ్ణి పక్కకు, పడమటికి పెట్టు. అప్పుడు రెండు జట్లకూ నీడలు అడ్డంగా పడతాయి. పెట్టాం, ఎత్తు కూడా 40 డిగ్రీలకు పెంచాం. నీడ రెండు మీటర్ల పైచిలుకుకు తగ్గింది. బంగారు వెలుగు పోయిందని ఆర్ట్ డైరెక్టర్‌కి బాధ. దూరపు శిఖరాల మీద మాత్రం ఆ రంగు విడిగా పూసి పెట్టాం, అవి ఆటలో భాగం కావు కాబట్టి.

చిక్కు ఇంకోచోట తేలింది. మా మ్యాప్ చక్రంలా తిప్పినది. ఉత్తరం జట్టు గంట వైపు తిరిగితే పడమర వాళ్ళ కుడిచేతి వైపు. దక్షిణం జట్టుకు ఎడమచేతి వైపు. రెండు జట్లకూ కుడివైపున అవే బండలున్నా, ఒకరికి ఆ బండలు ఎండలో, ఇంకొకరికి నీడలో. గాలి విషయంలోనూ అంతే. కొండ మీద గాలి ఒక దిక్కునుంచే వీస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న ముఖం ఊడ్చుకుపోయి రాయి బయటపడుతుంది, గాలి మరుగు వైపు మంచు పేరుకుంటుంది. దాన్ని నిజాయితీగా చేస్తే చక్రం సమానత్వం చెడుతుంది. చేయకపోతే ప్రతి బండ మీదా చక్కెర చల్లినట్టు పైనుంచి సమంగా తెల్లదనం. ఆ ఉప్పు వ్యాఖ్యలో సగం దీని గురించే.

కాబట్టి మ్యాప్‌ను చక్రం నుంచి అద్దానికి మార్చాలని నేను పట్టుబట్టాను. గంట మీదుగా తూర్పు పడమరలకు గీత గీసి, ఉత్తరం సగాన్ని అద్దంలో చూసినట్టు దక్షిణాన పెట్టడం. అప్పుడు పక్కనుంచి వచ్చే ఎండా గాలీ రెండు సగాల్లోనూ అవే బండల అవే ముఖాలను తాకుతాయి. ఎంత అడ్డదిడ్డంగా మంచు పోసినా న్యాయం చెడదు.

లీడ్ ప్రోగ్రామర్ దానికి గట్టిగా అడ్డం తిరిగాడు, అతని మాటలో బలం ఉంది. కెమెరా కుడి భుజం వెనక ఉంది. గోడకు కుడి అంచున నిలబడితే శరీరం బయటపెట్టకుండానే అవతలికి చూడొచ్చు. ఎడమ అంచున అయితే ఒళ్ళంతా బయటికి రావాలి. చక్రం మ్యాప్‌లో ఇద్దరికీ కుడి అంచులు సమానం. అద్దం మ్యాప్‌లో ఒక జట్టుకు కుడి అంచు ఎక్కడుందో రెండో జట్టుకు అక్కడ ఎడమ అంచు ఉంటుంది. "ఎండ సమస్య తీసి చెయ్యి సమస్య తెస్తున్నావ్" అన్నాడు.

రెండు అన్యాయాల్లో ఏది బాగుచేయగలం అన్న ప్రశ్న మీద తేల్చుకున్నాం. చక్రం మ్యాప్‌లో ఎండను ఏ ఉపాయంతోనూ సమానం చేయలేం, అది ఒకటే ఉంటుంది. కెమెరా మన చేతిలో ఉంది. పీసీలో భుజం మార్చే బటన్ ఇచ్చాం. ఫోన్లో ఇంకో బటన్‌కు చోటు లేదు, అందుకని ఆటగాడు గోడ ఎడమ అంచుకు దగ్గరైతే కెమెరా దానంతటదే ఎడమ భుజానికి జరిగేలా చేశాం. అద్దం నెగ్గింది. దారులు మళ్ళీ వేయడానికి మూడు వారాలు పట్టింది, ప్రొడ్యూసర్ టెన్షన్ ఆ మూడు వారాలూ మామూలుగా లేదు.

నేలను బయటికి తీయడం

ఎండ సరిచేశాక మొగ్గు పోయింది. కళ్ళు లాగడం, పడిపోవడం ఇంకా ఉన్నాయి. ఈసారి వాటిని సణుగుడు అనుకోలేదు.

కెమెరా ఆటగాడి కంటే పైన ఉండి కిందికి చూస్తుంది. కాబట్టి దూరంగా ఉన్న శత్రువు శరీరం వెనక తెర మీద పడేది ఆకాశం కాదు, శిఖరం కాదు, నేల. మేం మంచంతా అక్కడే పోశాం, శత్రువును తెల్లకాగితం మీద సుద్దతో గీసినట్టు. అద్దం మ్యాప్ ఇచ్చిన స్వేచ్ఛ ఇక్కడ అక్కరకొచ్చింది. పోరు జరిగే చోటల్లా గాలి ఊడ్చేసిందని కథ చెప్పి, నల్లటి పలకరాయిని బయటపెట్టాం. పొడి మంచు గోడల మరుగున, మెట్ల మూలల్లో, గుడి కప్పు మీద, అరీనా అంచుల్లో మిగిలింది. ఒక తెరలో మంచు ఎంత భాగం ఉందో చూస్తే ముందటికంటే బాగా తక్కువ. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు చూసిన ప్రతివాడూ "అబ్బ, ఎంత చలిగా ఉంది" అన్నాడు. పక్కన నల్లరాయి లేకపోతే తెలుపు తెలుపులా కనిపించదు కాబోలు.

గుడికి హిమాచల్ ఇళ్ళ కట్టడం తీసుకున్నాం, కాఠ్ కుణి అంటారు. దేవదారు దూలం ఒక వరస, రాయి ఒక వరస, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ ఉండదు. అందం కోసమే అయితే ఇంత చెప్పను. ఆ నల్లటి చెక్క పట్టీలు గోడ పొడవునా సమాన దూరంలో ఉంటాయి. మంచులో దూరం అంచనా వేయడానికి కంటికి కొలబద్ద ఉండదు, ఎదుటివాడు 20 మీటర్లలో ఉన్నాడో 40లో ఉన్నాడో విలుకాడికి తెలియదు. ఆ పట్టీలు కొలబద్ద అయ్యాయి. ఒక మనిషి ఎత్తుకు మూడు పట్టీలు వచ్చేలా సరిచేశాం.

వాలుల గురించి క్లుప్తంగా. అన్‌రియల్‌లో పాత్ర మామూలుగా 45 డిగ్రీల దగ్గరి దాకా ఎక్కగలదు. నిజం కొండల్లో మంచు పలకలు జారి పడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే ఎక్కువ. అంటే మా ఆటగాళ్ళు హాయిగా పరుగెడుతున్నవి మంచు పలకలు విరిగిపడే వాలులు. పని ఇచ్చినవాళ్ళ కంటికి అది వెంటనే తగిలింది. ఆటపరంగానూ ఆ మధ్య వాలులే తలనొప్పి, ఎక్కొచ్చో లేదో చూస్తే తెలియదు, జనం ఎగిరి జారుతూ ఉంటారు. నడిచేవి 25 డిగ్రీల లోపు, నడవలేనివి 55 పైన ఉంచి మధ్యవి తీసేశాం. నిట్టనిలువు ముఖాల మీద మంచు నిలవదు కాబట్టి అవి గోధుమ రంగు బండగానే ఉన్నాయి, రంగు చూడగానే ఎక్కలేమని తెలుస్తుంది.

అంచులకు స్కీ పోటీల ఉపాయం. నీలం గీతలు ఫాంటసీ లోకంలో నప్పవు. పైన్ కొమ్మలు నప్పుతాయి. లోయ అంచుల వెంట విరిగిన కొమ్మలు, గాలికి చిరిగిన తోరణాల తాడు, దానికి వేలాడే గుడ్డపీలికలు పెట్టాం. పీలికలు గాలి దిక్కు కూడా చెబుతాయి. పడిపోవడాలు దాదాపు ఆగాయి.

గడ్డ గురించి ఒక్క మాట. గుడి ముందు గడ్డకట్టిన కోనేరు మొత్తాన్ని జారేలా చేశాను మొదట్లో. నాకు భలే నచ్చింది, ఆడేవాళ్ళకు అసలు నచ్చలేదు. తన పాత్ర తన మాట వినకపోతే ఓడినవాడు మ్యాప్‌నే తిడతాడు. చివరికి జారుడు కోనేటి మధ్యలో అడ్డదారికి మాత్రం ఉంచాం. గంటకు రెండు సెకన్లు దగ్గర, ఇష్టమైనవాళ్ళే వెళతారు.

కురిసే మంచు

ఫోన్లో సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు ఉంటాయి, పీసీలో 60 కావాలంటే 16.67. కురిసే మంచు ఆ సమయాన్ని తాగేసింది. కెమెరాకు దగ్గరగా వచ్చే పెద్ద పారదర్శక రేకులు ఒకదాని మీద ఒకటి పడి, ఒకే పిక్సెల్‌ను పది పదిహేనుసార్లు గీయిస్తున్నాయి. దగ్గరి రేకులు తీసేసి, కెమెరా చుట్టూ రెండు శంకువుల మీద కదిలే మంచు టెక్స్‌చర్ (పైన అతికించే బొమ్మ) వేస్తే చూపులో తేడా లేకుండా ఖర్చు తగ్గింది. ఇది చాలామంది చేసేదే.

అసలు చిక్కు ఖర్చు కాదు. గ్రాఫిక్స్ తగ్గించుకున్నవాడి తెర మీద మంచు కురవదు, వాడికి అంతా నిర్మలంగా కనపడుతుంది. ఖరీదైన ఫోన్ కొన్నవాడు తెర తెరలుగా పడే మంచులో వెతుక్కుంటాడు. నాలుగు రోజుల్లో అందరూ సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడటం మొదలుపెడతారు, మనం చేసిన ఆర్ట్ ఎవరూ చూడరు. అందుకని చూపుకు అడ్డొచ్చేది ఏదైనా అందరికీ ఒకేలా ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు అనుకున్నాం. పోరు జరిగే చోట మంచు కురవదు. అంచుల అవతల, శిఖరాల మీద కురుస్తుంది. మూడోసారి గంట మోగాక మాత్రం 20 సెకన్ల తుఫాను వస్తుంది. అది సెట్టింగ్స్ మాట వినదు, అన్ని ఫోన్లలోనూ ఒకే దట్టంతో పొగ కమ్ముతుంది. మాటువేసే పాత్రలకు అదే పండగ.

అడుగుజాడలకూ అదే నియమం. మంచు నిజంగా అణిగేలా చేసే పద్ధతి ఫోన్లకు బరువు. పొడి మీద పది సెకన్లు నిలిచే జాడ ముద్రలు మాత్రం అన్ని సెట్టింగ్స్‌లోనూ ఉంచాం, ఎందుకంటే వాటిని చూసి వెంటాడతారు.

మిగిలినవి

అరీనా విడుదలై ఏడాది దాటింది. దిక్కు గురించి ఫిర్యాదు మళ్ళీ రాలేదు. మా పనిలో మారినవి రెండు. కొత్త మ్యాప్ మొదలుపెట్టేటప్పుడు గ్రేబాక్స్‌లోనే సూర్యుడి దిక్కు, ఎత్తు ఖాయం చేస్తాం, అది లైటింగ్ వాళ్ళు చివర్లో చేసే అలంకారం అనుకోవడం మానేశాం. ప్లేటెస్ట్ ఫారంలో "మ్యాప్ న్యాయంగా ఉందా" అన్న ప్రశ్న తీసేసి, "మిమ్మల్ని కొట్టినవాడు చివరిసారి ఎక్కడ కనపడ్డాడు" అని అడుగుతున్నాం. జవాబులు పొడుగ్గా వస్తాయి, చదవడానికి ఓపిక కావాలి.

తీరనిది ఒకటుంది. ఫోన్లో కెమెరా దానంతటదే భుజం మారడం కొందరు మంచి విలుకాళ్ళకు గిట్టదు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకునే వీలు ఇచ్చాం. ఆపుకున్నవాళ్ళు దక్షిణం వైపు పడాలని కోరుకుంటారట, ఆ వైపు గుడి మెట్ల దగ్గర గోడకు కుడి అంచు దొరుకుతుంది. లీడ్ ప్రోగ్రామర్ ఆ సంగతి నాకు చెప్పడానికి ప్రత్యేకంగా నా సీటు దాకా నడిచొచ్చాడు.